చైనా హోటల్లో మత్తయి పథ్యం

మత్తయికి కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి, కానీ ఏది ముట్టుకోవాలన్నా భయమే. టేబుల్ నిండా తిండి. పేర్లు చూస్తే నోరు తిరగదు, వాసన చూస్తే ముక్కు ఊరుకోదు. పొద్దున ఏడింటికి బొగ్గుగనిలోకి దిగిన మనిషి, లోపల నీళ్లు తోడే పంపు మొరాయించడంతో సాయంత్రం ఆరింటికి గానీ పైకి రాలేదు. అక్కడే ఒళ్లు కడుక్కుని, పెండ్లాం సుసన్నా పంపిన తెల్లచొక్కా తొడుక్కుని, జీపెక్కి వచ్చాడు. ఒళ్లంతా పులిసిపోయి ఉంది. ఇంటికి పోయి పడుకుంటే చాలుననిపించింది.

మేనేజరుకు బదిలీ అయింది. పోతూ పోతూ తన కింద పనిచేసిన గని సర్దార్లకు విందు పెడతానన్నాడు. మంచివాడే, కాదనలేం. కానీ పెట్టేదేదో కాలనీలో పెట్టవచ్చు కదా! రామగుండంలో కొత్త కరెంటు ఫ్యాక్టరీ కట్టడానికొచ్చిన ఇంజనీర్ల కోసం ఆ ఏడే, డెబ్భైతొమ్మిదిలో, తెరిచిన హోటల్ ఇది. చైనా వంట, ఇంగ్లీషు వంట అన్నీ దొరుకుతాయట. మన పప్పూ పులుసూ తప్ప.

మత్తయికి షుగరు. ఎల్లుండి సోమవారం కొత్తగూడెంలో డాక్టర్ల ముందు నిలబడాలి. ఇప్పటికి రెండుసార్లు పరీక్షలో తప్పాడు. మూడోసారీ తప్పితే ఇక గనిలోకి దిగనివ్వరు, పైన దీపాల గదిలో కూర్చోబెడతారు. ఇరవై రెండేళ్లు నలభై మందిని చీకట్లో వెంటేసుకు నడిచిన సర్దారు, కిటికీ వెనక కూర్చుని దిగేవాళ్లకు దీపాలు అందించాలి. ఆ మాట తలుచుకుంటే చాలు, అతనికి ఏడుపొచ్చేది.

మూడు నెలలుగా నోరు కట్టేసుకున్నాడు. అన్నం మాని జొన్నరొట్టెకు దిగాడు. చాయ్‌లో చక్కెర లేదు, పండగనాడు పాయసం లేదు. అయినా ఆ షుగరు దిగి చావదు. ఎందుకు దిగదో ప్రభువుకే తెలియాలి.

వడ్డించే ఆగయ్య పక్క ఊరివాడే కావడం కొంత నయమైంది.

“గీ ఎర్ర కోడికూర ఏందిరా?” అని అడిగాడు మత్తయి.

“చైనా కోడి, కాక. టమాట రసం పోస్తరు. చక్కెర గూడ వడ్తది.”

“గీ సూపు?”

“చిక్కగుండనీకి పిండి కలుపుతరు.”

“మరి గీ దారాలు?”

“నూడుల్స్. మైదాపిండి.”

“ఓరి మీ హోటల్ పాడుగాను! పిండి లేంది, చక్కెర లేంది ఒక్కటన్న ఉన్నదా?”

ఆగయ్య బుర్ర గోక్కున్నాడు. “ఉడకవెట్టిన కూరగాయలు తెస్త కాక. చేప ముక్కను ఉత్తగనే పెనం మీద కాల్చుమంట. ఏం పొయ్యద్దని చెప్త.”

తెచ్చాడు. ఉప్పూ కారం లేని ఆ క్యారెట్టు ముక్కలను మత్తయి కళ్లు మూసుకుని ప్రార్థన చేసి మరీ నమిలాడు. తోటి సర్దారు ఎల్లేశం ఎర్ర కోడి ఎముక చీకుతూ పగలబడి నవ్వాడు.

“బావా, గింత దూరమొచ్చి గడ్డి తినవడ్తివి!”

“తిను బిడ్డా, తిను. నీకొచ్చిన్నాడు తెలుస్తది.”

పక్క కుర్చీలోని గని దవాఖాన డాక్టరు మాత్రం మెచ్చుకున్నాడు. చిన్నవాడు, కోస్తావాడు, మర్యాద తెలిసినవాడు. “హోటల్లో ఇలా అడిగి అడిగి తినేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను మత్తయ్యా. ఇంత పథ్యం చేస్తే తగ్గాలే మరి!”

ఆ మాటతో మత్తయికి ప్రాణం లేచొచ్చింది. సోమవారం గట్టెక్కుతానేమో అనుకున్నాడు.

భోజనాలయ్యాయి. ఎల్లేశం జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. నిమ్మకాయంత బెల్లపు ముద్ద. షిఫ్టు దిగినవాళ్లు రోజూ తినేదే. ఆ రోజు పంపు గొడవలో ఇద్దరికీ తీరిక చిక్కలేదు. ముద్దను రెండుగా విరిచి ఒకటి మత్తయి చేతిలో పెట్టాడు. మత్తయి అలవాటుగా నోట్లో వేసుకున్నాడు.

డాక్టరు ఇటు తిరిగాడు. “అదేమిటి?”

“బెల్లం సార్. బొగ్గుదుమ్ముకు. రొమ్ముల పేరుకున్నదంత కడుక్కపోతది.”

“రోజూ తింటావా?”

“డ్యూటీ చేసిన దినమల్ల. ఇరవై రెండేండ్ల సంది.”

“మరి ఏమేం తింటున్నావని దవాఖానలో అన్నిసార్లు అడిగానే! ఒక్కసారైనా చెప్పలేదేం?”

మత్తయి తెల్లబోయాడు. “మీరు తిండి అడిగిండ్రు సార్. గిది మందు గదా.”

డాక్టరు నెత్తి పట్టుకున్నాడు. “బెల్లమూ చక్కెరే మత్తయ్యా. నీ షుగరు దిగకపోవడానికి అదే కారణమై ఉంటుంది.”

మత్తయి నోట్లో బెల్లం సగం కరిగిపోయింది. ఉమ్మడానికి చోటు లేదు, మింగడానికి మనసు రాలేదు. చివరికి మింగాడు. మూడు నెలల జొన్నరొట్టెలు, సుసన్నా తిట్లు, చప్పిడి కూరలు అన్నీ దండగ. దీపాల గది కళ్ల ముందు కనిపించింది.

“ఇయ్యాల్టి సంది బంద్ చేస్త సార్. సోమారం దాంక తగ్గుతదా?”

“రెండు రోజుల్లో కష్టం. నీకు అబద్ధం చెప్పలేను.”

మత్తయి తలూపాడు. అలసిపోయాడు, వాదించే ఓపిక లేదు. అయినా ఒక్క మాట అడిగాడు. “బెల్లం బంద్ చేస్తే దుమ్ముకు ఏం తినాలె సార్? ఏమన్న గోలీలు ఉన్నయా?”

ఎల్లేశం తన వంతు బెల్లం ముక్క చేతిలోనే పట్టుకుని డాక్టరు మొహంలోకి చూశాడు.

“బెల్లంతో దుమ్ము పోదు మత్తయ్యా. ఎన్నడూ పోలేదు.”

“మరి ఇన్నేండ్లు మింగిన దుమ్ము ఏడ వోయింది సార్?”

డాక్టరు అతని తెల్లచొక్కా వైపు, ఛాతీ దగ్గర, ఒక్కసారి చూసి తల దించుకున్నాడు.