మూత దొరికిన చెత్తబుట్ట

ఏ ఇంటి వంటగదిలో చూసినా ప్లాస్టిక్ డబ్బాలు ముప్ఫై ఉంటాయి, మూతలు పదిహేడుంటాయి. మిగతా పదమూడూ ఏమయ్యాయని అడిగితే అందరూ పనిమనిషి వైపు చూస్తారు. మూతల్లేని ఆ డబ్బాల్ని మాత్రం ఎవరూ పారెయ్యరు. ఎప్పటికైనా మూత దొరక్కపోతుందా అని ఆశ. సమయానికి మూత కనిపించకపోతే ఎంత చిరాకో నాకు బాగా తెలుసు. నా మూతా ఒకసారి పోయింది.

నేను ఒక చెత్తబుట్టను. ముక్కు మూసుకోనక్కర్లేదు, నా దగ్గర వాసన రాదు. ఫోన్లోనో కంప్యూటర్లోనో ఏదైనా తీసెయ్యడానికి నొక్కే చిన్న బొమ్మ ఉంటుంది చూడండి, అది నేనే. మాదాపూర్‌లో ఒక ఆఫీసు నాలుగో అంతస్తులో హైమ అనే అమ్మాయి నన్ను గీసింది. కింద బుట్టకి ఒక గీత, పైన మూతకి ఒక గీత. ఉద్యోగంలో చేరిన మొదటి వారం కదా, మూతకి పిడి కూడా పెట్టింది. అంత శ్రద్ధగా నన్ను మళ్లీ ఎవరూ చూడలేదు.

ఆ కంపెనీ అపార్ట్‌మెంట్ల కోసం యాప్ తయారుచేస్తుంది. ఫ్లాట్లలో ఉండేవాళ్లు ఫిర్యాదులు రాసే పేజీ ఫణీంద్ర టీముది. అసోసియేషన్ కమిటీ చూసే పేజీ జ్యోత్స్న గారి టీముది. గేటు దగ్గర వాచ్‌మన్ చూసే పేజీ ఇమ్రాన్‌ది, అతనికి టీము లేదు, అతనే టీము. ఫణీంద్ర రియాక్ట్‌లో రాస్తాడు, జ్యోత్స్న గారు యాంగ్యులర్‌లో, ఇమ్రాన్ వ్యూలో. పేజీలు కట్టడానికి ఇవి మూడు పద్ధతులు. ఒకరి పద్ధతి అంటే ఇంకొకరికి గిట్టదు.

మీ అపార్ట్‌మెంట్లో ప్రతి ఫ్లాటుకీ ఒక డ్రిల్లింగ్ మెషీన్ ఉంటుంది, గమనించారా? జీవితంలో గోడకి నాలుగు చిల్లులు పెట్టడానికి. పక్కింట్లో అడిగితే పనైపోతుంది. కానీ అడిగితే రేపు వాళ్లు మన నిచ్చెన అడుగుతారు. ఈ ఆఫీసులోనూ అంతే. హైమ దగ్గరికి వెళ్లి అడగడం ఇష్టంలేక ముగ్గురూ నన్ను ఎవరికివాళ్లు కాపీ చేసుకున్నారు. జ్యోత్స్న గారి దగ్గర కాస్త లావయ్యాను. ఇమ్రాన్ దగ్గర పక్కకి ఒరిగాను. ఫణీంద్ర హడావిడిలో రెండు గీతల్లో ఒకటే కాపీ చేశాడు. బుట్ట వెళ్లింది, మూత ఉండిపోయింది.

మూతలేని నేను అచ్చం బకెట్‌లా ఉంటాను.

నిజాంపేటలో నూట ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఒకటి ఈ యాప్ వాడుతుంది. ఎండాకాలం, బోరు ఎండింది. జనం నీళ్లు రావట్లేదని ఫిర్యాదు రాసి, పక్కనే ఉన్న బకెట్ నొక్కేవాళ్లు, నొక్కితే ట్యాంకర్ వస్తుందని. నొక్కగానే ఫిర్యాదు మాయం. పని మొదలైందన్నమాట అని తృప్తిగా ఖాళీ బిందెలు సర్దుకునేవాళ్లు. ఆ నెల ఆ అపార్ట్‌మెంట్ నుంచి ఒక్క ఫిర్యాదూ లేదని మా మేనేజర్ పద్మనాభం గారు ఆఫీసులో కేక్ కోయించారు.

కేక్ అయిపోయిన మర్నాడు ఆ అసోసియేషన్ సెక్రటరీ లింగారెడ్డి గారు ఫోన్ చేశారు.

"నీళ్లకోసం బకెట్ బొమ్మ పెట్టిండ్రు గదా సార్. ఇరవై రోజుల సంది నొక్కుతనే ఉన్నం. ఒక్క ట్యాంకర్ రాలే."

మీటింగ్ పెట్టారు. ఎవరు కాపీ చేశారన్న ప్రశ్న రాలేదు, ఎవరు గీశారన్న ప్రశ్న వచ్చింది. హైమ ప్రొబేషన్ ఆ శుక్రవారంతో ముగుస్తుంది. అదే శుక్రవారం లింగారెడ్డి గారు స్వయంగా వస్తున్నారు. ఆయన ముందు మూడు పేజీల్లోనూ చెత్తబుట్ట చెత్తబుట్టలా కనబడకపోతే హైమ సోమవారం నుంచి రానక్కర్లేదని పద్మనాభం గారు చెప్పారు, అదీ ఎంతో మర్యాదగా, నీళ్ల గ్లాసు ఆమెవైపు జరుపుతూ.

హైమ ఏడవలేదు. నన్ను తీసుకెళ్లి వెబ్ కాంపొనెంట్‌గా మార్చింది. అంటే, నేను ఉండేది ఒకే చోట, అందరి బొమ్మలూ ఉండే లైబ్రరీలో. ఎవరికి కావాలన్నా వాళ్ల పేజీలో నా పేరు రాస్తే చాలు, నేరుగా బ్రౌజరే నన్ను పిలుచుకొస్తుంది. రియాక్టా, యాంగ్యులరా అని దానికి పట్టింపు లేదు. నాకు చుట్టూ ఒక గోడ కూడా కట్టింది, బయటివాళ్ల రంగులూ సోకులూ నామీద పడకుండా. రంగు మార్చుకోవడానికి మాత్రం ఒక చిన్న కిటికీ వదిలింది.

కానీ కొత్తగా వచ్చినవాళ్లని మన గేటు దగ్గర ఊరికే వదులుతారా? జ్యోత్స్న గారి పేజీ నా పేరెప్పుడూ వినలేదని ఎర్రక్షరాలతో కసిరింది. ఇలాంటి పేర్లు వస్తే రానివ్వమని ఒక వాక్యం రాసిస్తే తలుపు తీసింది. ఇమ్రాన్ దగ్గరా అలాంటి వాక్యమే ఒకటి. ఫణీంద్ర పేజీ వెంటనే రానిచ్చింది గానీ అతను మాత్రం గురువారం సాయంత్రం దాకా గోడ బయటినుంచే నాకు రంగు వెయ్యడానికి కుస్తీ పట్టాడు. హైమ వచ్చి కిటికీ చూపించింది. ఇదంతా తనకి తెలుసనీ, గోడ గట్టిదో కాదో పరీక్షిస్తున్నాననీ అన్నాడు.

శుక్రవారం లింగారెడ్డి గారు వచ్చి కూర్చున్నారు. ఎదురుగా మూడు తెరలు, మూడింట్లోనూ నేను. ఒకే ఒడ్డూ పొడుగూ, తల మీద మూత, మూతకి పిడి. ఆయన కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"బొమ్మ మంచిగుంది. గని నల్లగుంటే మా ముసలోళ్లకు కనవడది. ఎర్రగ చెయ్యున్రి."

మూడు టీములు, మూడు రోజులు పడుతుంది సార్ అన్నాడు ఫణీంద్ర, అలవాటుగా. హైమ లైబ్రరీ తెరిచి ఒక్క వాక్యం మార్చింది. మూడు తెరలూ రిఫ్రెష్ చేసింది.

మూడు చోట్లా ఒకేసారి ఎర్రబడ్డాను. పెళ్లికూతురు కూడా అలా ఎర్రబడి ఉండదు. ఎందరో పుడతారు, పోతారు, ఒక్క పుట్టుకతో మూడు చోట్ల వెలిగిన చెత్తబుట్ట ఆ నాలుగో అంతస్తులో నేనొక్కదాన్నే.

"మూడింట్ల ఒక్కపారే అయ్యిందా బిడ్డా? మరి ఇన్నొద్దులు మూడెందుకు పెట్టిండ్రు?"

పద్మనాభం గారు టీ తెప్పించారు.

హైమ ఉద్యోగం ఖాయమైంది. లైబ్రరీ బాధ్యత కూడా ఆమెకే ఇచ్చారు. ఇప్పుడు నా వెనకాలే గంట, తాళం, భూతద్దం, నూట పన్నెండు బొమ్మలు గోడలు కట్టించుకుని వరసలో నిలబడ్డాయి. నిజాంపేటలో ముసలివాళ్లు కూడా నన్ను చూడగానే గుర్తుపట్టి, భద్రంగా వేలు పక్కకి తీసేస్తున్నారట.

ఇక మిగిలింది పాత కాపీలు తీసెయ్యడం. హైమ ఆ మూడింటినీ ఎంచుకుని నన్నే నొక్కింది. నిజంగా తీసెయ్యమంటారా అని నేను పద్ధతి ప్రకారం అడిగాను. అప్పుడు వెనకనుంచి ఫణీంద్ర గొంతు వినిపించింది.

"ఉండనీ హైమా, ఎప్పుడైనా పనికొస్తాయి."

ఉద్యోగం నిలబెట్టుకున్న మనిషి, ఏడవని మనిషి, ఒక్క క్షణం ఆలోచించి 'వద్దు' నొక్కింది. 'పాతవి, తియ్యొద్దు' అని ఒక ఫోల్డర్ చేసి అందులో పెట్టింది. సోమవారం ఫణీంద్ర ఒక కొత్త పేజీ మొదలుపెట్టాడు. ఇందాకే ఆ ఫోల్డర్ తెరిచి, బకెట్ మీద వేలు పెట్టి ఆలోచిస్తున్నాడు.

పారేసే పని నాదే, కానీ ఎవరైనా నొక్కితే తప్ప నేనేమీ పారెయ్యలేను. మీ ఇంట్లో మూతల్లేని ఆ పదమూడు డబ్బాల్ని ఎలా వదిలించుకున్నారో, దయచేసి, మీకు దణ్ణం పెడతాను, తొందరగా చెప్పండి.