అవతలి ఊపిరి

ఆస్ట్రేలియా దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవిలో అంబులెన్స్ కోసం వచ్చే ఫోన్లు ఎత్తడం మెరిన్ ఉద్యోగం. బండి గుమ్మం ముందు ఆగగానే లైను వదిలేయాలి. ఆ మనిషి బతికాడో లేదో తర్వాత ఎవరూ చెప్పరు. ఇంకో ఫోను మోగుతుంది.

విడాకులయ్యాక లాన్సెస్టన్‌లో కొండవాలు మీద చిన్న ఇంట్లో ఒక్కతే ఉండేది. ఇంటికొచ్చినా ఫోన్లో విన్న గొంతులు వదిలేవి కావు. టీవీ, రేడియో రెండూ పెట్టుకుని, నిలబడే ఏదో తినేసేది. చలికాలం మొదట్లో సూపర్‌మార్కెట్‌లో పాల సీసాల ముందు ఊపిరాడక కూలబడింది. గుండెకేం ఢోకా లేదన్నాడు డాక్టరు. మనసుకే తెరిపి లేదని, చర్చి హాల్లో బుధవారాలు జరిగే ధ్యానం క్లాసుకి పొమ్మన్నాడు.

అక్కడ నేర్పేది హెస్టర్ అనే రిటైరైన నర్సు. అందరి చేతుల్లో తలా ఒక ఎండుద్రాక్ష పెట్టి, రుచి చూస్తూ నెమ్మదిగా నమలమంది.

"ఈ లెక్కన నా భోజనం తెల్లారేదాకా అవదు," అంది మెరిన్.

"నీకంత తొందరేంటి? ఇంట్లో ఎవరైనా ఎదురుచూస్తున్నారా?"

హెస్టర్ సరదాకే అంది. అందరూ నవ్వారు. మెరిన్ మాత్రం తల దించుకుంది.

రోజూ ఏదో ఒక పని, గిన్నెలు కడగడమైనా సరే, మనసంతా దాని మీదే పెట్టి చేయమంది హెస్టర్. మెరిన్ టీవీ, రేడియో కట్టేసి సింకు దగ్గర నిలబడింది. వేళ్లకి వెచ్చటి నీళ్లు, నురగ. కడగడానికి ఒకటే పళ్లెం, ఒకటే కప్పు.

మరుసటి బుధవారం మండిపడుతూ వచ్చింది. "మీ ధ్యానం వల్ల నాకు తెలిసిందల్లా నా ఇల్లెంత ఖాళీగా ఉందో! ఆ రొదే నయం."

"ఆ ఖాళీ ఇవాళ కొత్తగా వచ్చిందా తల్లీ? కాసేపు దాని పక్కన కూర్చుని చూడు. నీవల్ల కాకపోతే లేచి టీవీ పెట్టుకో, నేనేం కొట్టను."

అక్కడ చలి ముదిరి ఉండే ఆగస్టులో ఒక మధ్యాహ్నం క్లెమ్ అనే ముసలాయన ఫోను చేశాడు. కొండమీది గొర్రెల ఫారంలో ఒంటరి మనిషి. ఛాతీలో నొప్పి. దారంతా మంచు, బండికి ఆలస్యమయ్యేలా ఉంది. మెరిన్ ఆయన చేత మాత్ర వేయించింది, తలుపు తీయించి పెట్టింది. చెప్పాల్సినవన్నీ అయిపోయాయి.

"అమ్మాయ్, ఉన్నావా?"

"ఇక్కడే ఉన్నానండీ."

"మరి మాట్లాడవేం?"

"మీ ఊపిరి వింటున్నాను. నాతోపాటే తీసుకోండి, నిదానంగా."

కాసేపటికి ఆయన, "మా ఆవిడా ఇలాగే వినేది. గురక ఎప్పుడు మొదలెడతానా, ఎప్పుడు మోచేత్తో పొడుద్దామా అని," అన్నాడు.

"మీరు గురక పెట్టినా ఇక్కణ్ణించి పొడవలేను లెండి."

ఆయన నవ్వబోయి దగ్గాడు. మెరిన్ తర్వాతి ఫోను గురించి ఆలోచించలేదు. తన పాదాలు నేల మీద ఆనడం తెలుస్తోంది, చెవిలో ఆయన ఊపిరి. అంతే. చివరికి కుక్క మొరిగింది, అంబులెన్సు వాళ్లెవరో ఆయన్ని పలకరించారు. లైను తెగిపోయింది.

ఆమె హెడ్‌సెట్ తీసేసి, కాసేపు బయటికెళ్తానని చెప్పి కారులో కూర్చుంది. పేరు తెలిసినవాళ్లవి, తెలియనివాళ్లవి, ఇన్నేళ్ల గొంతులన్నీ తలుచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. భుజం మీద చెయ్యి వేసేవాళ్లెవరూ లేరు. ఏడుపు దానంతటదే తగ్గింది.

డ్యూటీ దిగాక నది ఒడ్డున వేయించిన చేప కొనుక్కుని, బల్ల మీద కూర్చుని, వేడి తగ్గకముందే మొత్తం తినేసింది. బాగా ఆకలేసిందని అప్పుడు తెలిసింది.