ఎవరో మార్చిన ఆయిల్

ఏడాదికోసారి, సెలవు రోజు చూసుకుని, ఫిట్టరమ్మ తన కారు గేర్‌బాక్సులో ఆయిల్ మార్చేది. ప్రెస్సులో అచ్చు యంత్రాలు బాగుచేసే ఉద్యోగం కాబట్టి వీధిలో ఆమెకి ఆ పేరు స్థిరపడిపోయింది. కారు వాళ్ళ నాన్నది. అలాంటి కార్లు తయారుచేయడం మానేసి ముప్ఫై ఏళ్ళు దాటింది. ముందు భర్త చేత దాన్ని కాసేపు తిప్పించేది, వేడెక్కితే నూనె పలచబడి అడుగు మడ్డితో సహా దిగుతుందని. తర్వాత కారుని నాలుగు దిమ్మల మీదకెత్తించి, కిందికి దూరి, పక్కనున్న పోసే బిరడా వదులు చేసేది. అది ఊడుతుందని తేలాకే అడుగు బిరడా జోలికెళ్ళాలి. ఉన్న నూనె వదిలేసుకున్నాక పై బిరడా మొండికేస్తే, కారు ఉన్నచోటే ఉండిపోతుంది. అది నాన్న నేర్పిన పని.

నడపడం మాత్రం నడిపేది కాదు. మోకాలు నొప్పి, ఆ క్లచ్ తొక్కడం నా వల్ల కాదు అనేది.

ఆ కారుకో గుణం ఉంది. అబద్ధం చెప్పి, దాన్నింకా వెనక్కి తీసుకోని మనిషి చేతికి మూడో గేరు పడదు. వీధిలో ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ వింతగా అనుకోరు. ఎదురింటి లాయరు కారు అడిగి తీసుకెళ్తే, పోనూ రానూ రెండో గేర్లోనే ఈడ్చుకొచ్చి, కిక్కురుమనకుండా తాళాలిచ్చి వెళ్ళేవాడు. పాలాయన మలుపు దగ్గర ఆపి, భార్యకి ఫోన్ చేసి ఏదో ఒప్పుకుని, అప్పుడు సాగిపోయేవాడు. ఫిట్టరమ్మ భర్తది కళ్ళజోళ్ళ దుకాణం. ఆయన చేతికి గేరు అడిగిందే తడవుగా పడేది.

ఆ ఏడు అడుగు బిరడా విప్పేసరికి పళ్ళెంలోకి తేనె రంగు నూనె దిగింది. ఏడాది తిరిగిన నూనె నల్లబడాలి. వేలికి రాసుకుని వెలుగులో చూసింది. ఇత్తడి తళుకు లేదు. బిరడా లోపలి అయస్కాంతానికి ఇనప రజను దాదాపు లేదు. రాగి వాషరు కొత్తది. ఎవరో తనకి తెలియకుండా ఆయిల్ మార్చారు.

పోసే బిరడాని తుడిచేసరికి సన్నటి పసుపు గీత కనిపించింది. సగం బిరడా మీద, సగం గేర్‌బాక్సు ఒంటి మీద, తను వదులు చేయకముందు ఒకే గీత. బిరడా వదులైతే గీత తప్పుతుంది, వెంటనే తెలిసిపోతుంది. అలా గీత గీసే మనిషి ఆమె ఎరికలో ఒక్కడే ఉన్నాడు. తమ్ముడు. వాడితో మాటల్లేక పదకొండేళ్ళయింది.

అప్పుడు నాన్న మంచం మీద ఉన్నాడు. గేర్‌బాక్సు లోపల ఇత్తడి రింగులుంటాయి. వెనక ఇరుసుకి పోసే ఘాటు నూనె వాటిని తినేస్తుంది. అరలో రెండు డబ్బాలూ ఒకేలా ఉండేవి. ఎవరో తప్పు డబ్బా ఒంపారు. కొన్ని నెలలకి రింగులు అరిగి గేర్లు కొరకడం మొదలుపెట్టాయి. పోసిందెవరని నాన్న అడిగితే ఫిట్టరమ్మ తమ్ముడి పేరు చెప్పింది. తమ్ముడు అక్క వంక ఒకసారి చూసి, సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. కొత్త రింగులు దొరికి కారు రోడ్డెక్కేసరికి నాన్న లేడు.

ఆమె పళ్ళెంలోకి దిగిన ఆ నూనెనే మళ్ళీ పోసి, పక్క కంతలోంచి చుక్కలు రాలేదాకా నింపి, బిగించింది. భర్తతో ఒక్క మాట అనలేదు. కానీ ఆ వారమంతా ఆయన్ని పరాయి మనిషిని చూసినట్టు చూసింది. చొక్కా జేబులు వెతికింది. బుధవారం ఆయన అద్దాల కోసం ఫ్యాక్టరీకెళ్ళొస్తే మీటరు చూసింది. ఎనిమిది కిలోమీటర్లు ఎక్కువ తిరిగింది. ఎన్ని బుధవారాల నుంచి జరుగుతోందిది? ఇద్దరూ కూర్చుని తన గురించి ఏం మాట్లాడుకుంటున్నారు? వాడేం చెప్పాడు? అన్నం వడ్డిస్తూ ఆయన మొహంలోకి చూసేది. ఆయన మామూలుగానే తినేవాడు, అది ఆమెకి మరీ అనుమానంగా ఉండేది.

తర్వాతి సెలవు రోజు పొద్దున్నే, ఎక్కడికో చెప్పకుండా, కారు తీయమంది. వీధి దాటి ఆయన రెండో గేర్లోకి మార్చగానే అడిగింది.

"ఆయిల్ మీరు మార్చారా?"

"లేదు," అని ఆయన మూడో గేరు వేశాడు. పడింది.

"ఎవరు మార్చారో తెలుసా?"

"తెలుసు. మీ తమ్ముడు. ఫ్యాక్టరీకి చుట్టుదారి ఒకటుంది, అందులో లారీల షెడ్డు పెట్టుకున్నాడు. ఓసారి అటు వెళ్తే, కారు చప్పుడు విని బయటికొచ్చాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"అడిగితే చెప్పు బావా, అడక్కపోతే వద్దన్నాడు. నువ్వు అడగలేదు."

ఆమె ఆయన వైపు తిరిగింది.

"నా గురించి ఏం చెప్పాడు?"

"ఏం చెప్పలేదు. మోకాలు ఎలా ఉందని అడుగుతాడు."

మలుపు దగ్గర ఆయన్ని ఆపమంది. దిగి, చుట్టూ తిరిగొచ్చి, పక్క సీట్లోకి జరగమంది. ఆయన మోకాలి సంగతి ఎత్తకుండా జరిగాడు. ఆమె మొదటి గేర్లో కదిలించింది, రెండోది వేసింది. మూడోది నెట్టింది. గేర్‌బాక్సు పళ్ళు నూరినట్టు కరకరలాడి, రాడ్డుని వెనక్కి తోసేసింది. వెనక బస్సు హారన్ కొట్టింది. ఆమె మళ్ళీ నెట్టింది. మళ్ళీ తోసేసింది. ఇంజను గోల పెడుతోంది. భర్త రోడ్డు వైపే చూస్తున్నాడు.

"నాకు మోకాలు నొప్పి లేదు," అంది.

నెట్టింది. పడలేదు. చెమట చేత్తో రాడ్డు జారింది.

"ఆ నూనె పోసింది నేనే," అంది. నాన్న ముందు ఎంత మెల్లగా వాడి పేరు చెప్పిందో, అంత మెల్లగా. "వాడు ఆ రోజు ఊళ్ళోనే లేడు."

రాడ్డు ఆమె అరచేతి కిందే ముందుకి కదిలి, మూడో గేరు పడింది. భర్త కిటికీ అద్దం దించి బస్సుని ముందుకెళ్ళమని చెయ్యి ఊపాడు. తర్వాత ఎడమకి ఎక్కడ తిరగాలో చెప్పాడు.

షెడ్డులో తమ్ముడు లారీ కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కారు చప్పుడు దూరం నుంచే పోల్చుకున్నాడు. ఇవాళ బుధవారం కాదే, బావ ఎందుకొస్తున్నట్టని అనుమానపడుతూ బయటికి పాక్కుంటూ వచ్చాడు. జుట్టు నెరిసింది, నాన్న పోలిక వచ్చేసింది. కారులో ఎవరు ఎటు కూర్చున్నారో చూసి, అక్కడే ఆగిపోయాడు.

"అక్క నడిపిందా?" అన్నాడు బావతో.

"ఇంటి మలుపు దగ్గర్నుంచి."

"మొత్తం దారి, మూడో గేర్లోనా?"

ఆయన తలూపాడు. ఫిట్టరమ్మ చేతులింకా స్టీరింగ్ మీదే ఉన్నాయి. ఏదో చెప్పబోయింది. తమ్ముడు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపి, ఆమె వైపు తలుపు తీసి, మసి చెయ్యి వెనక్కి పెట్టుకుని మోచెయ్యి అందించాడు.

"దిగక్కా," అన్నాడు.