నెబో కొండ ఎక్కినవాళ్లు

గండికోటలో కమాల్ బాషా చెప్పే చరిత్ర వచ్చిన బస్సును బట్టి ఉంటుంది. గుడి చూడవచ్చినవాళ్లకు మాధవరాయస్వామి గొప్ప, నమాజుకు వచ్చినవాళ్లకు మసీదు గొప్ప. చర్చిలవాళ్లు వస్తే మాత్రం అతనికి పండగే. పెన్నా లోయ యొర్దాను నది అయిపోతుంది, కోటలోని ధాన్యాగారం యోసేపు కరువుకు గింజలు దాచిన కొట్టయిపోతుంది. జమ్మలమడుగు చుట్టుపక్కల గైడ్లకేం కొదవలేదు గానీ, జోర్డాన్‌లో ఏళ్ల తరబడి ఉండి బైబిలు స్థలాలు కళ్లారా చూసొచ్చినవాడు ఇతనొక్కడే. అలాగని ఇతనే చెప్పుకున్నాడు.

నిజానికి ఆ దేశంలో అతను కళ్లారా చూసింది బస్సును. టూరిస్టు బస్సులో క్లీనరు పని. యాత్రికులు అక్కడి నెబో కొండెక్కితే కింద సామాన్లకు కాపలా. ఈ సంగతి ప్రొద్దుటూరులో ఉన్న భార్య జానీబీకి కూడా తెలియదు.

ఆ శనివారం పులివెందుల నుంచి ఒక సంఘం వచ్చింది. పాస్టరు దిగుతూనే ఒక పెద్దామెను ముందుకు తెచ్చాడు.

"ఈమె దీనమ్మ. పోయినేడు యెరూషలేం యాత్ర చేసొచ్చింది. నెబో కొండ గూడా ఎక్కింది. నువ్వు చెప్పేది సరిగ్గా ఉందని ఈమె అంటే సాలు, మా సంఘాలన్నిటికీ ఇంక నువ్వే గైడు."

ఆమె కాదంటే ఈ సంఘాలే కాదు, ఉన్న బేరాలూ పోతాయి. కమాల్ బాషా ధాన్యాగారం దగ్గర యోసేపును పొడి మాటల్లో ముగించాడు. చెరసాల దగ్గర ఎప్పుడూ చెప్పే పౌలు ఖైదు ఊసే ఎత్తలేదు. దీనమ్మ మోకాళ్లు పట్టుకుంటూ వెంట నడిచింది.

లోయ అంచుకు వచ్చాక పాస్టరు వదల్లేదు. "మోషే నెబో కొండెక్కి వాగ్దాన దేశాన్ని చూసింది చెప్పప్పా!"

"పైన సల్లగాలి. మనిషిని తోసేస్తాది," అన్నాడు కమాల్ బాషా, తెగించి.

"గాలా?" అంది దీనమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె ఒక బండ మీద కూలబడింది. "మోకాళ్లు నొప్పిగుండాయి. మీరు పోయి ఫోటోలు తీసుకోండి. అప్పా, నువ్వుండు."

ఇక అయిపోయిందనుకున్నాడు. వాళ్లు దూరం పోయాక ఆమె గొంతు తగ్గించింది.

"ఎవురికీ చెప్పొద్దు. నేను కొండెక్కల్యా. మోకాళ్లు రాక బస్సులోనే కూచుంటి. ఊరికొస్తూనే సంఘం ముందర దండేసి సాక్ష్యం చెప్పమన్రి. అంత దూరం పోయి ఎక్కల్యా అంటే నగుతారని, పైన మాడిపోయే ఎండని చెప్పినా. నువ్వేమో గాలంటాండావు. నిజంగా ఏముంటాదో చెప్పు, దిద్దుకుంటా."

కమాల్ బాషాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే దిగులూ వేసింది. పొద్దున్నుంచి పడిన భయం కింద ఒక చిన్న ఆశ కూడా ఉండింది, పైన ఏముందో చెప్పే మనిషి ఇన్నాళ్లకు దొరికిందని.

"అమ్మా, నేనూ బస్సులోనే ఉంటి. అన్నేండ్లూ క్లీనర్నే."

దీనమ్మ అతన్ని ఎగాదిగా చూసి, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. "అట్లయితే ఎండా గాలీ రెండూ పెట్టుకుందాం."

పాస్టరు తిరిగొచ్చి ఎట్లుందని అడిగితే, "ఉన్నదున్నట్టు చెప్తాండాడు," అంది. పాస్టరు అక్కడికక్కడే ఫోను తీసి ఇంకో సంఘానికి బస్సు మాట్లాడాడు.

కమాల్ బాషా చెయ్యి పట్టుకుని లేస్తూ దీనమ్మ మెల్లగా అడిగింది.

"అన్నేండ్లు ఉంటివే, దిగొచ్చినోళ్లను ఎవురినీ అడగల్యా, పైన ఏం చూసినారని?"

"అడగకేమమ్మా. అందరూ సల్లనీళ్లుండాయా అని అడిగిరి గానీ, ఏం చూసినారో ఒక్కరూ చెప్పల్యా."