రెండు గీతలు

సదాశివ సార్ గొంతు ఆబిడ్స్‌లోని ఆ మందుల దుకాణం దాటి రోడ్డు మీది రిక్షావాళ్ల దాకా వినిపించడం అదే మొదలు. ముప్పై ఏళ్లు సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఎంత అల్లరి పిల్లవాణ్ణయినా 'ఏరా' అని ఎరగడు.

కారణం ఆయన పిల్లి బాదుషా. దానికి షక్కర్ బిమారీ. పశువుల దవాఖాన డాక్టరు రోజూ పొద్దున సిరంజిలో రెండు గీతల దాకా ఇన్సులిన్ ఎక్కించి వేయమన్నాడు. పిల్లి తూలిందంటే షక్కర్ పడిపోయినట్టు, వెంటనే చిగుళ్లకు చక్కెర నీళ్లు రాయాలనీ చెప్పాడు. నాంపల్లిలోని కిరాయి ఇంట్లో సార్ రోజూ పిల్లి మూత్రాన్ని నీలం మందులో కాచి రంగు చూసేవాడు. ఇటుక రంగు తేలితే షక్కర్ ఎక్కువ, నీలంగానే ఉంటే లేనట్టు. నెల రోజుల తిప్పల తర్వాత ఆకుపచ్చ దాకా వచ్చింది.

ఆ పొద్దున నీలం నీలంగానే ఉంది. సార్ సంబరపడ్డాడు. ముందురోజు తెరిచిన కొత్త సీసాలోంచి ఎప్పటిలాగే రెండు గీతలు వేశాడు. రెండు గంటలు గడవకముందే బాదుషా తూలుతూ వచ్చి తలుపుకు తల కొట్టుకుని, పక్కకు పడి, కాళ్లు తన్నుకోసాగింది. సార్ వేలితో చక్కెర నీళ్లు చిగుళ్లకు రాస్తూ కూర్చున్నాడు. పావుగంటకు అది తలెత్తి ఆ వేలినే కొరికింది. కొరికినందుకు ఆయన దానికి దండం పెట్టినంత పని చేశాడు.

అప్పుడు చూశాడు సీసాను. పాతదాని మీద 40 అని ఉంది. దీని మీద 80. అదే గీతకు రెట్టింపు మందు! చదవకుండా వేసిన తప్పు తనదే. మరి ఇచ్చేటప్పుడు ఒక్క మాటైనా చెప్పని తప్పు ఎవరిది? పక్కింటి లక్ష్మీనర్సమ్మను పిల్లి దగ్గర కూర్చోబెట్టి బయల్దేరాడు.

"నలభైది అయిపోయింది, ఎనభైది ఇచ్చినం," అన్నాడు దుకాణం యజమాని విద్యాసాగర్, పేపర్లోంచి తలెత్తకుండా. "మందు అదే గద సార్."

"మందు అదే. జోరు రెండింతలు! చెప్పొద్దా? పొద్దున నా పిల్లి చావబోయింది."

"పిల్లా? మీకే షక్కర్ ఉందనుకున్న. పేరేంది దానికి?"

"బాదుషా."

"గా పేరు పెడితే షక్కర్ రాక ఏమొస్తది?"

దుకాణమంతా నవ్వింది. కంపౌండర్ బిచ్చయ్య ఒక్కడే తల దించుకున్నాడు.

"నవ్వండి. నోరులేనిది గనుక తూలి చెప్పింది. గీ సీసాలు ఇంకెంతమందికి ఇచ్చిన్రో అది చెప్పండి!"

వెనక నుంచి స్టేషన్ హమాలీ గట్టయ్య ముందుకొచ్చి, రుమాలు ముడి విప్పి ఒక సీసా చూపించాడు. "ఇది గూడ గదేనా సారూ? మా ముసల్దానికి నిన్నటి సంది ఒకటే చెమటలు, వణుకు. బలానికి ఏమన్న ఇయ్యమందామని వచ్చిన."

80.

"ఇయ్యాల వేసినవా?"

"వేసిన. ఎప్పటి లెక్కనే. ఇప్పుడు తిక్కతిక్కగ మాట్లాడుతున్నది. చాయ్ తాగిపిచ్చిన, షక్కర్ లేకుంట."

ఎవరూ నవ్వలేదు. బిచ్చయ్య గ్లూకోజు పొట్లం అందుకుని బయటికి దూకాడు, సైకిల్ వెనక గట్టయ్యను ఎక్కించుకున్నాడు.

"మింగగలిగితేనే తాగిపియ్యుండ్రి!" రోడ్డు మీదికొచ్చి అరిచాడు సార్. "లేకుంటే చిగుళ్లకే రాయుండ్రి! ఆపైన సీదా దవాఖానకే!"

సార్ లోపలికి రాగానే విద్యాసాగర్ అన్నాడు: "ఇంత సంగతైతే ముందే చెప్పొద్దా సార్?"

"చెప్పిన. పిల్లి అని నవ్విన్రు." సార్ అల్మారా వైపు వేలు చూపాడు. "దించండి అవన్నీ."

ఎనభై అని ఉన్న సీసాలన్నీ అల్మారా దిగేదాకా ఆయన కదల్లేదు. అరగంటకు బిచ్చయ్య రొప్పుతూ తిరిగొచ్చాడు. "కండ్లు తెరిచింది సార్. గట్టయ్యను గుర్తుపట్టి తిట్టింది గూడ. రిక్షాల దవాఖానకు తోల్కపోయిండు." అని, అడక్కుండానే స్టూలు జరిపి, సార్ చేతికి మంచినీళ్ల గ్లాసిచ్చాడు.

మూడు రోజులకు నలభైవి వచ్చాయి. "మన బాదుషా ఎట్లుంది సార్?" విద్యాసాగర్ ఇకిలించాడు. సార్ సీసాను వెలుగుకు పెట్టి, "నలభై" అని పైకి చదివాడు.

పక్కనుంచి గట్టయ్య తన సీసా చాపాడు. "నాకు చదువు రాదు సారూ. నాది గూడ జర చూడుండ్రి."

సార్ చదివాడు, రోడ్డు మీది రిక్షావాళ్లకు వినిపించేలా.