మూయని కన్ను

తిరుపాల్ మొహానికి సబ్బు రాసుకుంటూ ఎడమ కన్ను తెరిచే ఉంచాడు. నురగ కారి కన్ను భగ్గుమంటున్నా మూయలేదు. రెండూ మూస్తే కాళ్లు ఎక్కడున్నాయో తెలియదు. నెల కిందట అలాగే మూసి, స్నానాల గదిలో వెల్లకిలా పడ్డాడు.

"ఏందయ్యా, కన్ను అంత ఎర్రగుండాది?" అంది భార్య సుధ.

"దుమ్ము పడింది."

భార్యకు అబద్ధం చెప్పడం అతనికి రాదు. ఆమె నమ్మిందనుకోవడం మాత్రం బాగా వచ్చు.

జమ్మలమడుగు దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లుగా నిచ్చెనలెక్కి బోల్టులు బిగిస్తున్నాడు. చూపు బోల్టు మీదుంటే, పాదాలు మెట్లను వాటంతటవే వెతుక్కునేవి. గొర్రెల వెంట గుట్టలెక్కి పెరిగిన కాళ్లాయె! ఇప్పుడు ఒక్కో మెట్టునూ వంగి చూసుకుంటేగానీ అడుగు పడదు. ఇవాళ ఎత్తు మీద పనిచేసేవాళ్లకు వైద్యపరీక్ష. తప్పితే ఎత్తుకు ఎక్కనిచ్చే పాసు పోతుంది. ఈ వయసులో కొత్త పని ఎవరిస్తారు?

సంగతి తెలిసింది నిచ్చెన పట్టుకునే అబ్దుల్ వాహిద్ ఒక్కడికే.

"వరసలో నీ ఎనకాల్నే నిలబడతా మామా. చొక్కాకు వేలు ఆనిస్తా, అంతే," అన్నాడు.

డాక్టరు అందరినీ కళ్లు మూసుకోమన్నాడు. "చూపు లేనప్పుడు కాళ్లే మెదడుకు కబురు పంపాలి. అది అందకపోతే తూలిపోతారు."

తిరుపాల్ కళ్లు మూశాడు. నేల మాయమైంది. అంతలో వీపుకు వాహిద్ వేలు తగిలింది. ఆ వేలు ఆనిన చోటును బట్టి తన ఒళ్లు ఎక్కడుందో తెలుసుకుంటూ నిలబడ్డాడు. పాసు మీద ముద్ర పడింది.

మధ్యాహ్నం బెల్టు కట్టుకుని, దానికి పాసు తగిలించుకుని ఎక్కాడు. కింద వాహిద్ తల పైకెత్తి నిచ్చెన పట్టుకున్నాడు. ఆరో మెట్టు దగ్గర తిరుపాల్ బోల్టు వైపు చూశాడు. కుడికాలు మెట్టు మీదే ఉందనుకున్నాడు. అది గాలిలో ఉంది. ఒళ్లు ఒరిగింది. ఒక చేత్తో నిచ్చెన దొరకబుచ్చుకున్నా, రెండో చేతిలోని పానా జారి, వాహిద్ చెవి పక్కగా వెళ్లి నేలకు తగిలింది.

"ఏం కాలేదు మామా, ఎక్కు!" అన్నాడు వాహిద్.

తిరుపాల్ ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగాడు. "నేను చాలిస్తాండా వాహిదూ."

"పాసు వచ్చింది కదా మామా?"

"అది నీ వేలికొచ్చింది. నాక్కాదు."

గేటు పక్క కొళాయి దగ్గర ఆగాడు. వాహిద్ అతని భుజం పట్టుకుంటే, నెల తర్వాత తొలిసారి రెండు కళ్లూ మూసుకుని మొహం కడుక్కున్నాడు. తుడుచుకుని, పాదాల వంక చూసుకుంటూ బస్సు కోసం రోడ్డెక్కాడు.

నిచ్చెన మొదటి మెట్టుకు అతని బెల్టు వేలాడుతోంది, కొత్త ముద్ర పడిన పాసుతో సహా.