ఎనిమిదో అంకె

గడ్డం గీసుకుంటూనే జలంధర్ అక్షరాలు వల్లె వేస్తున్నాడు. "ఈ... ఎఫ్, పీ... టీ, ఓ, జెడ్..." కతార్‌లోని మెసైమీర్ కార్మికుల క్యాంపులో కుళాయిల దగ్గర పొద్దున్నే ఎవరి హడావిడి వాళ్ళది, ఎవరూ పట్టించుకోలేదు. ఇంగ్లీషు అక్షరాలు తడబడతాయని అబద్ధమాడి, తనకంటే ముందు క్లినిక్కుకు వెళ్ళిన పక్క మంచం తిరుమల్ చేత కళ్ళ పరీక్ష పట్టికను ఫోన్లో ఫోటో తీయించుకున్నాడు. బడిలో ఎక్కాలు ఒంటబట్టని మనిషి, నలభై రెండేళ్ళ వయసులో పది రోజులకే దాన్ని కంఠతా పట్టాడు.

పట్టక చస్తాడా! క్రేను ఎత్తిన బరువును ఎటు తిప్పాలో, ఎక్కడ దించాలో కింద నిలబడి చేతి సైగలతో చెప్పే రిగ్గర్ అతడు. అతడి ఎడమ కన్ను ఏడాదిగా పనిచెయ్యడం లేదు. క్రేను ఎప్పుడూ కుడిపక్కనే ఉండేలా చూసుకుని నిలబడుతూ నెట్టుకొస్తున్నాడు. ఆ సంగతి తిరుమల్‌కూ తెలియదు, ఇంటి దగ్గర భార్య సునందకూ తెలియదు. మూడేళ్ళకోసారి జరిగే కళ్ళ పరీక్ష ఇవాళే. తప్పితే రిగ్గర్ లైసెన్సు కార్డు పోతుంది, కార్డు పోతే ఊరికి టికెట్టే. కూతురు ప్రతిమ నర్సింగు రెండో ఏడులో ఉంది. ఊళ్ళో అతడికి చేతనైన పని బాక్సింగు బరిలో గుద్దడం ఒక్కటే, అది ఎవడికి కావాలి?

అల్ సద్‌లోని క్లినిక్కులో పరీక్ష చేసే కుర్రవాడు జియావుద్దీన్. జలంధర్ కుడికన్ను మూసుకుని, పట్టిక ఉన్నవైపు తిరిగి, చీకట్లోంచి అయిదు వరుసలు గడగడా అప్పజెప్పాడు. జియావుద్దీన్ తల ఊపి కాగితం వైపు వంగబోయి, అతడి వంకర ముక్కు చూసి ఆగిపోయాడు.

"అన్నా, మీది నిజామాబాదా? బాక్సర్ జలంధర్ గద మీరు! మా అబ్బాజాన్ నన్ను భుజాల మీద ఎక్కించుకొని మీ ఫైట్ సూపెట్టిండు."

పదకొండేళ్ళ కతార్ బతుకులో అతణ్ణి బాక్సర్ అన్నవాడు లేడు. గుండె పొంగిపోయింది. అక్కడే లేచి వచ్చేస్తే సరిపోయేది. కానీ, "ఫారినోళ్ళతోని గూడ కొట్లాడిన్రట గద?" అని కుర్రవాడు కుర్చీ దగ్గరకు జరుపుకున్నాడు.

ఇక ఆగుతాడా! తాష్కెంటులో ఉజ్బెక్ కుర్రవాడు చావగొట్టి, తర్వాత బస్సు దాకా వెంట వచ్చి చేతిలో ఆపిల్ పండు పెట్టి పోయాడు. బ్యాంకాక్‌లో థాయ్ వాడు ముందు రింగు తాళ్ళకు దండం పెట్టి, ఆ తర్వాత పక్కటెముకల పని పట్టాడు. నెల రోజులు తుమ్మాలంటే భయం. ఇక కజక్ వాడు. వాడి పేరు నోరు తిరగలేదు. వాడి కుడిచెయ్యి ఎప్పుడు లేచిందో ఇప్పటికీ తెలియదు. ముగ్గురి చేతుల్లోనూ ఓడిపోయాడు. దేశం తరఫున ఓడిపోవడానికి కూడా రాసిపెట్టి ఉండాలని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు.

వింటూ వింటూ జియావుద్దీన్‌కు హుషారెక్కింది. లేచి పిడికిళ్ళు బిగించి, జలంధర్ కుడిపక్కకు ఉత్తుత్తి గుద్దు విసిరాడు. తల దానంతటదే తప్పుకుంది. "వహ్వా!" అంటూ రెండోది ఎడమపక్కకు విసిరాడు. జలంధర్ నవ్వుతూ అలాగే కూర్చున్నాడు. పిడికిలి కనురెప్పకు తగిలేంత దగ్గరకు వచ్చి ఆగినా ఆ నవ్వు చెదరలేదు.

జియావుద్దీన్ చెయ్యి మెల్లగా దించాడు. "అన్నా... ఎడమ కన్ను కనిపిస్తలేదా?"

"తమ్మీ, రాయకు. నీ కాళ్ళు మొక్కుత. నా బిడ్డ సదువైపోయేదాక, రెండేండ్లు."

కుర్రవాడు తలుపు వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "రాయనన్నా. ఫిట్ అనే రాస్త" అని పెన్ను తీశాడు.

జలంధర్‌కు కజక్ వాడితో ఆట గుర్తొచ్చింది. కింద పడ్డాడు. రిఫరీ వేళ్ళు చూపిస్తూ అంకెలు లెక్కపెట్టాడు. ఎనిమిది దగ్గర లేచి నిలబడితే, ఆడగలవా అని సైగ చేశాడు. ఎడమవైపంతా పొగమంచు. అయినా గ్లోవ్స్ పైకెత్తి ఆడతానన్నాడు. ఆ మాటతో మసకబారడం మొదలైన కన్ను, ఏడాది కింద పూర్తిగా పోయింది. కానీ అప్పుడు దెబ్బ తిన్నది తనొక్కడు. మొన్న మంగళవారం క్రేను ఎత్తిన ఇనుప చువ్వల కట్ట, తనకు కనిపించని ఎడమపక్కన తిరుమల్ హెల్మెట్టు మీదుగా జానెడు ఎత్తులో పోయింది. "కొంచెం సూస్కో అన్నా" అని వాడు నవ్వేశాడు. జలంధర్ మాత్రం ఆరోజు అన్నం ముట్టలేదు.

"వద్దు తమ్మీ" అన్నాడు. "ఉన్నదే రాయి."

బయట ఎండలో బస్టాపు బల్ల మీద కూలబడి, మోచేతిలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏం చెయ్యాలో, ఎలా బతకాలో ఒక్క ఆలోచనా తోచలేదు. చివరికి సునందకు ఫోన్ చేశాడు.

"వస్తున్ననే."

"నిజమా! కంపెనీవోళ్ళు సెలవిచ్చిన్రా?"

"ఆఁ... ఇచ్చిన్రు."

"ఎన్ని రోజులు?" అని అడుగుతుంటే సిగ్నల్ లేదని చెప్పి పెట్టేశాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం, అందరూ డ్యూటీలో ఉన్నప్పుడు కంపెనీ బండి వచ్చి అతణ్ణి ఎయిర్‌పోర్టుకు తీసుకుపోయింది. సాయంత్రం తిరుమల్ వచ్చేసరికి పక్క మంచం మీద పరుపు చుట్టి ఉంది. బయట తీగ మీద, తర్వాత వచ్చే రిగ్గర్ కోసం జలంధర్ ఉతికి ఆరేసిన పని గ్లోవ్స్ జత, అరిచేతుల దగ్గర అరిగిపోయి, వేళ్ళు కిందికి వేలాడుతూ, కొసల్లో ఇంకా తడిగానే ఉంది.